ఒంటారియో లండన్‌లో ఇంటి వెనక అపార్ట్‌మెంట్ బోర్డు పడింది, ఎవరిని కలవాలి?

అందరికీ అర్థమయ్యేలా, మొదట మీ ప్రశ్నను కుదించి చెప్తాను. మీరు బ్రాంప్టన్ నుంచి కెనడాలో ఒంటారియో ప్రావిన్స్‌లోని లండన్‌కు మారి ఇల్లు కొనుక్కున్నారు. ఇంకా పీఆర్ (పౌరసత్వం రాని శాశ్వత నివాస హోదా) మీదే ఉన్నారు. ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఆరంతస్తుల అపార్ట్‌మెంట్ వస్తుందని బోర్డు పాతారు. వీధిలోవాళ్లు పిటిషన్ పట్టుకొచ్చి సంతకం పెట్టమంటున్నారు. మన తెలుగు గ్రూపులో పెద్దలేమో "ఎంపీ గారిని ఉగాదికి పిలుస్తున్నాం, అప్పుడు చెబుదాం" అంటున్నారు. ఓటే లేని మన మాట ఎవరు వింటారు అన్నది మీ సందేహం.

వింటారు. కాకపోతే ఆ మాట చెప్పాల్సింది ఎంపీకి కాదు. ఉగాది దాకా ఆగితే అసలు చెప్పే వేళే దాటిపోతుంది.

నేను ఈ ఊళ్లో చాలాకాలంగా ఉంటున్నాను. సిటీ హాల్ కమిటీ మీటింగులకు వెళ్లి కూర్చునే అలవాటు ఉంది (మా ఇంట్లో దీన్ని పనిలేని పని అంటారు). ఇన్నేళ్లు చూశాక నాకు అర్థమైంది ఒకటే. ఇక్కడ మన రోజువారీ బతుకును తేల్చేది వార్డు కౌన్సిలరు, ఆయనో ఆవిడో కూర్చునే కమిటీ. మనవాళ్లలో ఎక్కువమందికి ఆ కౌన్సిలర్ పేరు తెలియదు, ఎంపీతో మాత్రం ఫొటో ఉంటుంది.

ఎవరు ఏం చూస్తారో ముందు తేల్చుకుందాం. ఇమిగ్రేషన్, పాస్‌పోర్ట్, ఉద్యోగం పోతే వచ్చే భృతి ఫెడరల్ ప్రభుత్వానివి. మీ పీఆర్ కార్డో, అమ్మానాన్నల వీసానో ఎక్కడైనా ఇరుక్కుపోతే ఎంపీ ఆఫీసుకు వెళ్లండి. అక్కడ ఫైలు వాకబు చేసే సిబ్బంది ఉంటారు, ఆ పని నిజంగానే చేస్తారు. ఆస్పత్రి, స్కూలు నిధులు, డ్రైవింగ్ లైసెన్స్, ఇంటి ఓనరుకూ అద్దెదారుకూ తగాదా వస్తే వినే ట్రిబ్యునల్ ప్రావిన్స్‌వి, వాటికి ఎంపీపీ (ప్రావిన్స్ శాసనసభ్యుడు, మన ఎమ్మెల్యే లాంటివారు). చెత్త, మంచు తీయడం, పార్కులు, ఊళ్లో రోడ్లు, అగ్నిమాపక దళం, ఏ స్థలంలో ఏం కట్టొచ్చు అన్నవి సిటీవి. బస్సులకు ట్రాన్సిట్ కమిషన్ అని వేరే సంస్థ ఉంది గానీ దానికి డబ్బిచ్చేది కౌన్సిలే. పోలీసుల తీరు కూడా అలాంటిదే. బడ్జెట్‌ను పోలీస్ బోర్డు తయారుచేస్తుంది. కౌన్సిల్ ఆ మొత్తాన్ని ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు గానీ లోపలి పద్దుల్లో వేలు పెట్టలేదు. 2024-27 బడ్జెట్‌లో పోలీసులకు నాలుగేళ్లకు 67 కోట్ల 20 లక్షల డాలర్లు ఇచ్చినప్పుడు ఊళ్లో పెద్ద రగడే జరిగింది. 2024లో ప్రాపర్టీ ట్యాక్స్ 8.7 శాతం పెరగడానికి ముఖ్య కారణాల్లో అదొకటి.

2021 జనాభా లెక్కల ప్రకారం లండన్‌లో 4,22,324 మంది ఉన్నారు. 14 వార్డులు, 14 మంది కౌన్సిలర్లు, పైన మేయర్. అంటే సగటున 30 వేల మందికి ఒక కౌన్సిలర్. మన దగ్గర ఒక ఎమ్మెల్యే నియోజకవర్గంలో రెండు లక్షలకు పైగా ఓటర్లుంటారు, ఆ లెక్కన చూడండి. పైగా 2022 మున్సిపల్ ఎన్నికల్లో ఇక్కడ ఓటేసింది దాదాపు నాలుగో వంతు మందే. కొన్ని వేల ఓట్లతో కౌన్సిలర్ అయిపోతారు. అందుకే ఒకే వీధి నుంచి ఇరవై ఇళ్లవాళ్లు విడివిడిగా, ఎవరి మాటల్లో వాళ్లు ఈమెయిల్ రాస్తే ఆ ఆఫీసులో కదలిక వస్తుంది. ఇక్కడ అనుచరులు, ఇంటి ముందు క్యూ లాంటివి ఉండవు. ఫోన్ చేస్తే కౌన్సిలరే ఎత్తి మాట్లాడటం చాలా మామూలు.

పార్టీల సంగతి కూడా అడిగారు. మున్సిపల్ బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండదు. మన సర్పంచి ఎన్నికలు గుర్తు తెచ్చుకోండి, పార్టీ గుర్తు ఉండదు గానీ ఎవరు ఎవరి మనిషో ఊరంతటికీ తెలుసు. ఇక్కడా అంతే. 2010లో మేయరైన జో ఫొంటానా అంతకుముందు లిబరల్ ఎంపీ, కేంద్ర మంత్రి కూడా. 2018లో గెలిచిన ఎడ్ హోల్డర్ కన్జర్వేటివ్ ఎంపీగా చేసినవారు. అయితే కౌన్సిల్‌లో విప్ ఉండదు. ఒక్కో అంశానికి ఒక్కో జట్టు ఏర్పడుతుంది. ట్యాక్స్ దగ్గర మీతో ఉన్న కౌన్సిలర్ సైకిల్ లేన్ దగ్గర ఎదురు నిలబడొచ్చు. కాబట్టి "ఆయన మన పార్టీ కాదు" అని ఎవరినీ వదిలేయకండి.

ఫొంటానా కథ మనవాళ్లకు చెబితే నమ్మరు. ఆయన పదవి ఊడింది వందల కోట్ల స్కాములో కాదు. 2005లో కేంద్ర మంత్రిగా ఉన్నప్పుడు కొడుకు పెళ్లి ఖర్చులో 1,700 డాలర్లను ప్రభుత్వ చెక్కుతో కట్టించారని, అందుకోసం కాంట్రాక్టు కాగితం దిద్దారని తేలింది. 2014లో కోర్టు దోషిగా తేల్చింది, మేయర్ పదవికి రాజీనామా చేశారు, నాలుగు నెలలు గృహ నిర్బంధం పడింది. అంతకుముందు 2013లో ఇంకోటి జరిగింది. బడ్జెట్ ఓటింగుకు కొద్ది రోజుల ముందు మేయర్, ఆరుగురు కౌన్సిలర్లు ఓ రెస్టారెంట్ వెనక గదిలో కలిశారు. యాదృచ్ఛికంగా కలిశామన్నారు. ఒంటారియో అంబుడ్స్‌మన్ (ప్రభుత్వ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) విచారించి, అది చట్టవిరుద్ధమైన రహస్య సమావేశమని తేల్చారు. ఎందుకంటే అంతమంది ఒకచోట చేరితే కమిటీకి సరిపడా కోరం ఉన్నట్టే. కోరం ఉన్న చోట సిటీ వ్యవహారం మాట్లాడితే అది జనం ముందే జరగాలి. మీ కౌన్సిలర్‌ను ఇంటికి టీకి పిలవొచ్చు, తప్పేం లేదు. నలుగురైదుగురు కౌన్సిలర్లను ఒకేసారి డిన్నర్‌కు పిలిచి "మన బిల్డింగ్ సంగతి" ఎత్తితే మాత్రం మీరు వాళ్లను ఇరకాటంలో పెట్టినట్టే. మర్యాద చేశామనుకుంటాం, వాళ్లేమో టెన్షన్ పడతారు.

ఇక బోర్డు దగ్గరికి వద్దాం. దాని మీద ఒక ఫైల్ నంబరు ఉంటుంది. జోనింగ్ (ఏ స్థలంలో ఏం, ఎంత ఎత్తు కట్టొచ్చన్న రూలు) మార్పు అయితే సాధారణంగా జెడ్ అక్షరంతో మొదలవుతుంది. కింద సిటీ ప్లానర్ పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. మొదటి ఫోన్ కౌన్సిలర్‌కు కాదు, ఈ ప్లానర్‌కు చేయండి. వాళ్లు జీతం తీసుకునే ఉద్యోగులు, రాజకీయం మాట్లాడరు, అడిగింది ఓపిగ్గా చెప్తారు. మూడు విషయాలు అడగండి: ప్రజాభిప్రాయ సమావేశం ఎప్పుడు, వ్యాఖ్యలు పంపడానికి గడువు ఎప్పుడు, ఇప్పుడున్న జోనింగ్‌లో దరఖాస్తు లేకుండానే ఎంత ఎత్తు కట్టొచ్చు. మూడోది చాలామంది అడగరు. నాలుగంతస్తులకు ఇప్పటికే అనుమతి ఉన్న స్థలంలో ఆరింటి కోసం అడుగుతుంటే, మీ పోరాటం రెండంతస్తుల గురించే. ఖాళీ స్థలం ఖాళీగా ఉండిపోదు.

120 మీటర్ల లోపు ఆస్తి ఉన్నవాళ్లకు ఈ నోటీసు అందే ఏర్పాటు ప్రావిన్స్ నిబంధనల్లోనే ఉంది. మీకు ఉత్తరం రాకపోయినా వ్యాఖ్య రాసే హక్కు పోదు. 120 మీటర్ల అవతల ఉన్నవాళ్లూ రాయొచ్చు, అద్దెకున్నవాళ్లూ రాయొచ్చు. పౌరసత్వం ఎవరూ అడగరు. ఓటు హక్కు వేరు, ఇక్కడ మాట్లాడే హక్కు వేరు. మీ సందేహానికి సగం జవాబు ఇక్కడే ఉంది.

ఇలాంటి ఫైళ్లు ప్లానింగ్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కమిటీ ముందుకు వస్తాయి. డఫరిన్ అవెన్యూ మీద ఉన్న సిటీ హాల్లో మీటింగ్ జరుగుతుంది, ఆన్‌లైన్‌లో కూడా చూడొచ్చు. ముందు ప్లానర్ నివేదిక, తర్వాత బిల్డర్ తరఫు కన్సల్టెంట్, ఆ తర్వాత జనం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. మైకు దగ్గరికి వెళ్లి పేరు చెప్పి మాట్లాడటమే. తడబడినా ఏం కాదు, యాస గురించి సిగ్గు అసలే వద్దు, అక్కడ పోలిష్ తాతలు, పోర్చుగీస్ అమ్మమ్మలు వాళ్ల యాసలోనే దులిపేస్తుంటారు. కమిటీ సిఫారసు చేస్తుంది, ఆ తర్వాత కౌన్సిల్ పూర్తి సమావేశంలో ఓటింగ్ జరుగుతుంది. కౌన్సిల్ రోజున మాత్రం జనానికి మైకు ఇవ్వరు. "అసలు ఓటింగ్ రోజు వెళ్దాంలే" అనుకుని కమిటీని వదిలేసినవాళ్లు గ్యాలరీలో నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. ఇంకోటి, మీరు రాసిన ఉత్తరం మీ పేరుతో సహా అజెండాలో ఇంటర్నెట్‌లో ఉండిపోతుంది. కోపంలో రాయకండి.

ఏం రాయాలి అన్నది అసలు విషయం. మీ వీధివాళ్లు తెచ్చిన పిటిషన్ మీరు పంపిన ఫొటోలో చదివాను. "మన పేట స్వభావం పాడవుతుంది, ఇళ్ల ధరలు పడిపోతాయి, అద్దెవాళ్లు, స్టూడెంట్లు వచ్చిపడతారు" అని ఉంది. దీని మీద సంతకం పెట్టకండి అనే చెప్తాను. ఒకటి, దానివల్ల ఉపయోగం లేదు. ఒంటారియోలో జోనింగ్ అంటే భూమిని దేనికి వాడతారన్నది చూడటమే, అందులో ఎవరు ఉంటారన్నది కాదు. ఇది కోర్టులు ఎప్పుడో తేల్చిన విషయం. ఇళ్ల ధర పడిపోతుందన్న వాదనను కూడా ప్లానర్లు లెక్కలోకి తీసుకోరు. రెండోది, ఆ "స్టూడెంట్లు" ఎవరో మనకు తెలుసు. ఫాన్‌షా కాలేజీకి వచ్చి బేస్‌మెంట్‌లో ఐదుగురు కలిసి ఉండే పిల్లలు. వాళ్లలో మన గుంటూరు పిల్లలు, మన కరీంనగర్ పిల్లలు ఉన్నారు. ఈ ఊళ్లో మనలో చాలామందిమి అలాగే మొదలుపెట్టాం. ఆ కాగితం మీద తెలుగు పేరు కనిపించడం నాకు నచ్చదు.

మరి ఏది పనికొస్తుంది? మీ పెరట్లో ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా నీడ పడుతుంది, పై అంతస్తుల బాల్కనీలు మీ బెడ్‌రూమ్ కిటికీకి ఎదురుగా వస్తాయా, హద్దు వెంట ఉన్న పాత మేపుల్ చెట్లు ఉంచుతారా, చెత్త డబ్బాలు మీ కంచె పక్కనే పెడుతున్నారా, వాన నీరు ఎటు పోతుంది, కార్లు బయటికొచ్చే దారి స్కూలు పిల్లలు నడిచే వైపు ఉందా, మంచు ఎక్కడ కుప్ప పోస్తారు. వీటిలో మీకు నిజంగా బాధ ఉన్న రెండు మూడింటిని పట్టుకోండి. పెరటి ఫొటో జత చేయండి, ఏ నెల, ఏ టైమ్ అని రాయండి. చివర్లో "వద్దు" అని వదిలేయకుండా ఏం మారిస్తే ఒప్పుకుంటారో చెప్పండి: పై రెండంతస్తులు మీ వైపు నుంచి వెనక్కి జరపడం, బాల్కనీలు రోడ్డు వైపు తిప్పడం, ఎత్తైన కంచె, చెట్లు. కౌన్సిలర్‌కు ఇలాంటి ఉత్తరం చేతికి ఆయుధం ఇచ్చినట్టు ఉంటుంది, మీటింగులో బిల్డర్‌ను నేరుగా అడగొచ్చు. "అన్యాయం" అని రాసిన ఉత్తరంతో ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

ఇంత బేరం ఇప్పుడే ఎందుకంటే తర్వాత బేరానికి చోటు లేదు. 2024 జూన్‌లో ప్రావిన్స్ చట్టం మార్చింది. జోనింగ్ నిర్ణయం మీద ఒంటారియో ల్యాండ్ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే దారి పక్కింటివాళ్లకు మూసుకుపోయింది. బిల్డర్‌కు మాత్రం ఉంది. అంటే కౌన్సిల్ కాదంటే ఆయన వెళ్లొచ్చు, ఔనంటే మీరు వెళ్లలేరు. కంచె, చెట్లు, డ్రైవ్‌వే లాంటి వివరాలు ఖరారయ్యే సైట్ ప్లాన్ దశనేమో 2022 నుంచి కౌన్సిల్ చేతిలోంచి తీసి సిబ్బందికి అప్పగించారు. ఇది న్యాయమా అంటే నాకైతే కాదనే అనిపిస్తుంది. ఇళ్లు త్వరగా కట్టాలన్న అవసరం నిజమే, దానికి ఒక వైపు తలుపు మాత్రమే మూయడం ఎందుకో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఉన్న రూలు ఇది కాబట్టి మీ బలమంతా కమిటీ మీటింగుకు ముందే పెట్టండి.

ఇంకో సంగతి కూడా తెలుసుకుని వెళ్లండి. సిటీ గాలి ఇప్పుడు ఇళ్లు కట్టే వైపే వీస్తోంది. 2031 నాటికి 47 వేల ఇళ్లు అన్నది ప్రావిన్స్‌కు లండన్ ఇచ్చిన మాట. 2023 సెప్టెంబరులో ఫెడరల్ ప్రభుత్వం ఇళ్ల నిర్మాణం వేగం పెంచే నిధి కింద దేశంలో మొదటి ఒప్పందం చేసుకున్నది లండన్‌తోనే, 7 కోట్ల 40 లక్షల డాలర్లకు. దానికి బదులుగా ఇళ్లున్న పేటల్లో ఒక్కో స్థలంలో నాలుగు యూనిట్ల దాకా విడిగా జోనింగ్ మార్పు అడగకుండా కట్టనిచ్చేందుకు సిటీ ఒప్పుకుంది. "లోపలికి, పైకి పెరగాలి" అన్నది లండన్ ప్లాన్ అనే పెద్ద పత్రంలోనే రాసుకున్నారు. 2023 జులై నుంచి మేయర్‌కు అదనపు అధికారాలు కూడా వచ్చాయి: బడ్జెట్ ఆయనే ప్రతిపాదిస్తారు, కొన్ని నిర్ణయాలను వీటో చేయొచ్చు, ఇళ్ల లాంటి ప్రావిన్స్ ప్రాధాన్యాలకు సంబంధించిన బైలాలను మూడో వంతుకు పైగా సభ్యుల మద్దతుతోనే నెగ్గించుకోవచ్చు. ఇప్పటి మేయర్ జాష్ మోర్గన్ 2022లో గెలిచారు. ఈ వాతావరణంలో "అసలు కట్టొద్దు" అన్నవాళ్ల మాట నెగ్గడం కష్టం. "ఇలా కడితే సరే" అన్నవాళ్లకు ఏదో ఒకటి దక్కుతుంది.

జనం గట్టిగా పట్టుబడితే పెద్ద నిర్ణయాలు కూడా మారిన సందర్భాలు లేకపోలేదు. ర్యాపిడ్ బస్ దారుల (బస్సులు వేగంగా వెళ్లేందుకు వేసే ప్రత్యేక దారులు) మీద 2018 ఎన్నికలంతా కొట్టుకున్నారు. 2019 మార్చిలో కౌన్సిల్ డౌన్‌టౌన్, తూర్పు, వెల్లింగ్టన్ వైపు దారులకు ఔనంది, ఉత్తరం, పడమర దారులను కొట్టేసింది. ఆ ఉత్తరం దారిలోనే యూనివర్సిటీ ఉంది. ఇవాళ బస్సు కిటకిటలాడుతోందని తిట్టుకునే పిల్లలు అప్పటికి ఈ దేశంలోనే లేరు, వాళ్ల తరఫున మాట్లాడిన గొంతులు సరిపోలేదు.

ఓటు గురించి. ఒంటారియోలో మున్సిపల్ ఓటుకు కెనడా పౌరసత్వం ఉండాలి, 18 ఏళ్లు నిండాలి. పీఆర్‌లకు ఓటివ్వమని టొరంటో కౌన్సిల్ 2013లోనే ప్రావిన్స్‌ను అడిగింది, రాలేదు. విచిత్రం ఏమిటంటే బ్రాంప్టన్‌లో ఉంటూ ఇక్కడ అద్దెకిచ్చే ఇల్లు కొని పెట్టుకున్న సిటిజన్‌కు రెండు ఊళ్లలోనూ ఓటు ఉంది. ఇక్కడే ఉండి, ట్యాక్స్ కట్టి, ఇక్కడి మంచు తోడే మీకు లేదు. తర్వాతి ఎన్నికలు 2026 అక్టోబరు 26న. ఐదేళ్లలో 1,095 రోజులు ఇక్కడ ఉన్న లెక్క పూర్తయితే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేయండి, వాయిదా వేయకండి. ఓటర్ల జాబితాలో పేరు దానంతట అదే చేరుతుందని నమ్ముకోకుండా ఒకసారి చూసుకోండి. ఈ ఊరు 2018లో ర్యాంక్ పద్ధతి ఓటింగ్ (అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరుస ఇచ్చే పద్ధతి) పెట్టింది, ఇటీవలి దశాబ్దాల్లో కెనడాలో నగర ఎన్నికలకు అదే మొదటిది, మేయర్ ఎవరో తేలడానికి 14 రౌండ్లు పట్టింది. 2020లో ప్రావిన్స్ ఆ పద్ధతిని రద్దు చేసింది. ఇప్పుడు మళ్లీ ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే విజేత.

ఓటు లేకపోయినా చేయగలిగినవి ఉన్నాయి. అభ్యర్థికి ప్రచారంలో సాయం చేయొచ్చు, ఇల్లిల్లూ తిరగొచ్చు. ఒంటారియోలో నివసించే వ్యక్తి ఒక్కో అభ్యర్థికి 1,200 డాలర్ల దాకా విరాళం ఇవ్వొచ్చు, దానికి పౌరసత్వం అక్కర్లేదు. ఇక్కడే మన సంఘాలు జాగ్రత్తగా ఉండాలి. కంపెనీలు, యూనియన్లు విరాళం ఇవ్వకూడదు. నమోదైన సంఘం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. సంఘం డబ్బుతో హాలు తీసుకుని, భోజనాలు పెట్టి, ఒక్క అభ్యర్థిని మాత్రమే పిలిచి వేదిక ఎక్కించి "మన ఓట్లన్నీ మీకే" అన్నామనుకోండి, ఆ హాలు, ఆ పులిహోర కూడా విరాళం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. సంఘానికి చారిటీ హోదా ఉంటే ఇంకా పెద్ద చిక్కు. అందరు అభ్యర్థులనూ పిలిచి ప్రశ్నలు అడగండి, ఆ గొడవే ఉండదు. అయినా "తెలుగు ఓట్లన్నీ నా జేబులో ఉన్నాయి" అని చెప్పుకునే పెద్దమనిషిని ఇక్కడి కౌన్సిలర్లు ఒకటి రెండుసార్లలోనే పసిగట్టేస్తారు.

ఎంపీని పిలవడం తప్పని నా ఉద్దేశం కాదు. పిలవండి, ఉగాది పచ్చడి పెట్టండి. కానీ అదే వేదిక మీదికి వార్డు కౌన్సిలర్‌ను, స్కూల్ బోర్డు ట్రస్టీని కూడా పిలవండి. (థేమ్స్ వ్యాలీ స్కూల్ బోర్డును 2025 ఏప్రిల్‌లో ప్రావిన్స్ తన పర్యవేక్షణలోకి తీసుకుంది, ట్రస్టీల చేతిలో నిర్ణయాధికారం లేదు. అయినా స్కూళ్ల సంగతులు తెలిసినవాళ్లు వాళ్లే.) పిలిచినప్పుడు ఒకే ఒక్క విషయం అడగండి, క్రికెట్ పిచ్ అయితే క్రికెట్ పిచ్. ఎంతమంది పిల్లలు ఆడుతున్నారు, ఏ పార్కులో ఏ సాయంత్రాలు ఖాళీ ఉంటున్నాయి అని రాసి ఇవ్వండి. శాలువా కప్పి పంపితే ఆయనకు శాలువా గుర్తుంటుంది, మన పిచ్ గుర్తుండదు.

ఒక సముదాయం మాటకు సిటీ హాల్లో బరువు ఎలా వస్తుందో ఈ ఊళ్లో ముస్లింలను చూసి నేర్చుకోవాలి. 2021 జూన్ 6న సాయంత్రం నడకకు వెళ్లిన ఒక ముస్లిం కుటుంబాన్ని ఒకడు ద్వేషంతో ట్రక్కుతో గుద్ది నలుగురిని చంపేశాడు. తర్వాతి రోజుల్లో వేలమంది మసీదు ముందు చేరారు, ప్రధాని వచ్చారు. 2022లో సిటీ ఇస్లామోఫోబియాను ఎదుర్కొనే కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. సంతాపం ఎక్కడైనా ప్రకటిస్తారు, అది కాగితం మీద ప్రణాళికగా మారడం వేరు. ఆ మసీదు 1960ల నుంచి ఉంది. అక్కడివాళ్లు దశాబ్దాలుగా ఊరి కమిటీల్లో, ఆహార బ్యాంకుల్లో, బోర్డుల్లో పనిచేస్తూ వచ్చారు. కష్టం వచ్చిన రోజు ఎవరికి ఫోన్ చేయాలో వాళ్లకు తెలుసు, ఎత్తినవాళ్లకు వీళ్లెవరో తెలుసు. మనం ఇంకా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ హాల్లో బతుకమ్మ ఆడుకునే దశలోనే ఉన్నాం. మొదలుపెట్టాలంటే సిటీ సలహా కమిటీలు ఉన్నాయి, నగరవాసుల నుంచి దరఖాస్తులు తీసుకుంటారు. పేటల్లో చిన్న పనులకు జనమే ఆలోచన చెప్పి జనమే ఓటేసే పథకం కూడా సిటీకి ఉంది, ఏటా 2,50,000 డాలర్లను ఐదు ప్రాంతాలకు పంచుతూ వచ్చారు. దానికి పౌరసత్వం అడగరు. బెంచీలు, చెట్లు, ఆట సామాను లాంటివి అలా వచ్చాయి. ఈసారి దరఖాస్తులు ఎప్పుడో సిటీ వెబ్‌సైట్‌లో చూడండి.

ప్రాపర్టీ ట్యాక్స్ గురించి మీ ప్రశ్న కింద ఒకరు "వెనక అపార్ట్‌మెంట్ వస్తే మన ట్యాక్స్ పెరుగుతుంది" అని రాశారు. అలా జరగదు. ఒంటారియోలో ఇప్పటికీ ఇళ్ల విలువ 2016 జనవరి 1 నాటి లెక్క ప్రకారమే వేస్తున్నారు. సిటీ ముందు తనకు ఎంత కావాలో తేల్చుకుని, ఆ మొత్తాన్ని విలువల ప్రకారం అందరికీ పంచుతుంది. కొత్త బిల్డింగు వస్తే పంచుకునేవాళ్లు పెరుగుతారు. బిల్లు పెరిగేది బడ్జెట్ వల్ల, ఆ బడ్జెట్ మీద కూడా జనం మాట్లాడే రోజు ఉంటుంది, ఆ రోజు మన పేట నుంచి ఎవరూ కనిపించరు.

చెత్త, రోడ్డు గుంత, వీధి దీపం లాంటివాటికి కౌన్సిలర్‌ను కదపక్కర్లేదు. సర్వీస్ లండన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే నంబరు వస్తుంది. పని జరగకపోతే అప్పుడు ఆ నంబరుతో కౌన్సిలర్‌కు రాయండి.

మీ బేస్‌మెంట్ స్టూడెంట్లకు అద్దెకిచ్చే ఆలోచన ఉందన్నారు కాబట్టి ఇదొక్కటి చెప్పేస్తాను. నాలుగు యూనిట్ల దాకా ఉన్న ఇళ్లను అద్దెకివ్వాలంటే లండన్‌లో 2010 నుంచి లైసెన్స్ పద్ధతి ఉంది. మీరు ఉండే ఇంటికి అది వర్తిస్తుందో లేదో అద్దెకిచ్చే ముందే సిటీ లైసెన్సింగ్ వాళ్లను అడగండి. కమిటీ మైకు ముందు బిల్డర్ తప్పులు ఎత్తి చూపిన మర్నాడు మీ ఇంటికి ఇన్‌స్పెక్టర్ రావడం బాగుండదు.

ఈ వారంలో ప్లానర్‌కు ఫోన్ చేసి ఆ మూడూ అడగండి. సమావేశం తేదీ తెలియగానే ఫైల్ నంబరుతో పాటు ఇక్కడ పెట్టండి. మీరు రాసిన ఉత్తరం చిత్తుప్రతి కూడా పెడితే చూసి చెప్తాను, ఇంగ్లిష్ గురించి బెంగపడకండి. మీ వీధిలో పిటిషన్ తెచ్చినావిడతో కూడా ఒకసారి కూర్చుని మాట్లాడండి. నీడ, చెట్లు, డ్రైవ్‌వే గురించి ఆవిడకూ మీకూ ఉన్న బాధ ఒకటే అయ్యుంటుంది, ఇళ్ల ధరల మాట, అద్దెవాళ్ల మాట తీసేసి కొత్త కాగితం రాయడానికి ఒప్పుకోవచ్చు.